ఇంట్లో రెండు రౌటర్లు, రెండిటికీ 192.168.1.1: లోకల్ అడ్రస్‌లు, రూటింగ్ ఎక్కడ చిక్కుపడతాయి

క్లుప్తంగా: కనెక్షన్ మార్చాక సీసీటీవీ యాప్ ఆగిపోవడం, ప్రింటర్ కనపడకపోవడం, ఆఫీస్ వీపీఎన్ (ఇంటినుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) సగమే పనిచేయడం లాంటివాటికి చాలాసార్లు కారణం స్పీడ్ కాదు, లోకల్ ఐపీ అడ్రస్‌ల (ఇంటి లోపల ఒక్కో పరికరానికి ఉండే నంబర్ల) గొడవ. ఇంట్లో అడ్రస్‌లు పంచే డబ్బా ఒక్కటే ఉండాలి, అది పంచే అడ్రస్‌ల రేంజ్ తెలిసి ఎంచుకున్నదై ఉండాలి, వెళ్లిన ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో ప్రయాణించే డేటా ముక్క) తిరిగొచ్చే దారి కూడా రౌటర్‌కి తెలిసుండాలి.

హైదరాబాద్‌లో ఇప్పుడు ఒక మామూలు అపార్ట్‌మెంట్‌కే రెండు మూడు కంపెనీల ఫైబర్ వస్తోంది, యాక్ట్, ఎయిర్‌టెల్, జియో, బీఎస్ఎన్ఎల్, ఇవి కాక కాలనీ కేబుల్ ఆపరేటర్ ఇచ్చేది ఒకటి. ప్లాన్ అయిపోగానే కంపెనీ మార్చేయడం మామూలైపోయింది. దానికి తోడు 2025 ఆగస్టులో రామంతాపూర్ శోభాయాత్రలో కరెంట్ షాక్‌తో జనం చనిపోయాక కరెంట్ స్తంభాల మీది కేబుళ్లు తీసేయడం మొదలైంది, చాలా ఏరియాల్లో నెట్ ఆగిపోయింది, ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి ఒక్క కనెక్షన్‌ని నమ్ముకుంటే కష్టమని అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది. ఇక పై అంతస్తుకి సిగ్నల్ అందట్లేదని షాప్‌లో ఇంకో రౌటర్ కొనుక్కొచ్చి పెట్టుకునే ఇళ్లకైతే లెక్కే లేదు.

ఇలా డబ్బాలు మారినప్పుడు, పెరిగినప్పుడు ఒక చిత్రమైన పరిస్థితి వస్తుంది. యూట్యూబ్ బాగానే ఆడుతుంది, వాట్సాప్ కాల్ వెళ్తుంది, స్పీడ్ టెస్ట్‌లో ఇవ్వాల్సిన స్పీడ్ వస్తుంది, అయినా డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డ్ చేసే డబ్బా) మాత్రం ఆఫ్‌లైన్ అంటుంది, లేదా హాల్లో టీవీ ఫోన్‌కి కనపడదు. కంప్లైంట్ పెడితే లైన్ బాగానే ఉందని వచ్చిన అబ్బాయి చూపించి వెళ్లిపోతాడు, అతను చెప్పేదీ నిజమే, ఎందుకంటే తేడా ఉన్నది లైన్‌లో కాదు, ఇంటి లోపల.

## అన్ని ఇళ్లలో అవే నంబర్లు ఎందుకు

ఐపీవీ4 అడ్రస్ అంటే 32 బిట్ల నంబర్, మొత్తం కలిపితే దాదాపు 430 కోట్లు. 1981లో ఈ పద్ధతి ఖాయం చేసినప్పుడు అది ఎప్పటికీ తరగని సంఖ్యలా అనిపించింది, 1990ల మొదట్లోనే సరిపోదని అర్థమైపోయింది. అందుకే 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1918 అనే పత్రం మూడు రేంజ్‌లని లోపలి వాడకానికి పక్కన పెట్టింది: 10.0.0.0 నుంచి 10.255.255.255 దాకా, 172.16.0.0 నుంచి 172.31.255.255 దాకా, 192.168.0.0 నుంచి 192.168.255.255 దాకా. వీటిని ఎవరైనా ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చు, కాకపోతే ఇవి బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు.

ఫ్లాట్ నంబర్ 302 నిజాంపేటలోనూ ఉంటుంది, నాగోల్‌లోనూ ఉంటుంది, ఒక్క అపార్ట్‌మెంట్ లోపల ఒకటే ఉంటే చాలు, ఇదీ అంతే. బయటికి వెళ్లేటప్పుడు రౌటర్ ఆ లోపలి అడ్రస్ తీసేసి తనకి కంపెనీ ఇచ్చిన అడ్రస్ అతికిస్తుంది, ఏ పోర్ట్ నంబర్ (ఒక్కో సంభాషణని వేరుగా గుర్తుపట్టే నంబర్) మీద ఏ ఫోన్‌ది వెళ్లిందో ఒక టేబుల్‌లో రాసుకుంటుంది, జవాబు వచ్చినప్పుడు ఆ టేబుల్ చూసి సరైన ఫోన్‌కి ఇస్తుంది. దీన్నే న్యాట్ అంటారు. ఆ టేబుల్‌లో ఎంట్రీ లేని ప్యాకెట్ బయటినుంచి వస్తే ఎవరికివ్వాలో రౌటర్‌కి తెలీదు, పడేస్తుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే కింద చెప్పేవాటిలో సగం వాటంతటవే అర్థమైపోతాయి.

రేంజ్ ఏది వాడాలన్నది రౌటర్ తయారుచేసినవాళ్లు ఫ్యాక్టరీలోనే పెట్టేస్తారు. టీపీ-లింక్, డీ-లింక్, టెండా ఎక్కువగా 192.168.0.1 మీద వస్తాయి, జియో ఫైబర్ డబ్బా 192.168.29.1, షావోమీ 192.168.31.1, హువావే ఫైబర్ బాక్స్‌లు చాలావరకు 192.168.100.1, మిగతావి బోలెడు 192.168.1.1. ఇంటివాళ్లు ఎవరూ దీన్ని ఎంచుకోరు, ఏ డబ్బా వస్తే దాని నంబరే ఇంటి నంబర్ అయిపోతుంది. డబ్బా మారితే నంబర్ మారుతుంది, సమస్య మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

## సబ్‌నెట్ మాస్క్ తీర్చే తగువు

ఇంట్లో ప్రతి పరికరం ఒక ప్యాకెట్ పంపే ముందు ఒకే ఒక్క ప్రశ్న వేసుకుంటుంది: అవతలివాడు మన నెట్‌వర్క్‌లోనే ఉన్నాడా, బయట ఉన్నాడా. జవాబు చెప్పేది సబ్‌నెట్ మాస్క్. 255.255.255.0 అని ఉంటే అడ్రస్‌లో చుక్కల మధ్య ఉండే నాలుగు అంకెల్లో మొదటి మూడు కలిస్తే మనవాడే, కలవకపోతే బయటివాడు. మనవాడైతే ఈ అడ్రస్ ఎవరిది అని లోకల్‌గా కేకేసి హార్డ్‌వేర్ అడ్రస్ తెలుసుకుని నేరుగా ఇచ్చేస్తుంది, దాన్ని ఏఆర్‌పీ అంటారు. బయటివాడైతే ఇంకేం ఆలోచించకుండా గేట్‌వేకి, అంటే రౌటర్‌కి, ఇచ్చేస్తుంది.

దీన్ని ఒక ఇంట్లో పెట్టి చూద్దాం. కూకట్‌పల్లిలో జీ ప్లస్ టూ ఇల్లు అనుకుందాం, నాలుగు కెమెరాలు, కింద గదిలో ఒక డీవీఆర్. పాత కనెక్షన్ రౌటర్ 192.168.1.1 మీద ఉండేది, కెమెరాలు బిగించినతను డీవీఆర్‌కి 192.168.1.64 అని చేత్తో అడ్రస్ పెట్టి, గేట్‌వే దగ్గర 192.168.1.1 అని కొట్టి వెళ్లాడు (హిక్‌విజన్ పరికరాల్లో చాలావాటికి ఈ 64 డీఫాల్ట్‌గా వచ్చేదే). తర్వాత ఇంటివాళ్లు జియోకి మారారు, కొత్త డబ్బా 192.168.29.1. ఫోన్‌లు, ల్యాప్‌టాప్‌లు కొత్త వైఫై పాస్‌వర్డ్ కొట్టగానే 192.168.29 తో మొదలయ్యే అడ్రస్ తీసుకుని హాయిగా పనిచేస్తున్నాయి. డీవీఆర్‌కి మాత్రం కేబుల్ గుచ్చినా, పోర్ట్ దగ్గర లైట్ మిణుకుమిణుకుమంటున్నా, ఊళ్లో ఉన్న కొడుకు ఫోన్‌లో యాప్ ఆఫ్‌లైన్ అనే చూపిస్తుంది.

లోపల జరిగేది ఇది. డీవీఆర్ తన కంపెనీ సర్వర్‌కి కబురు పెట్టాలనుకుంటుంది, అది బయటి అడ్రస్ కాబట్టి గేట్‌వేకి ఇవ్వాలి, 192.168.1.1 ఎవరు అని కేకేస్తుంది, ఆ పేరుతో ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు, జవాబు రాదు, అక్కడే ఆగిపోతుంది. ఇటు ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.1.64 కొడితే, ఫోన్ లెక్కలో మూడో అంకె 29 కాదు కాబట్టి అది బయటి అడ్రస్, రౌటర్‌కి ఇస్తుంది, రౌటర్‌కి కూడా ఆ నెట్‌వర్క్ తెలీదు కాబట్టి ఇంటర్నెట్ వైపు తోసేస్తుంది, కంపెనీవాళ్ల దగ్గర అది చెత్తబుట్టలో పడుతుంది. రెండు డబ్బాలు ఒకే వైరు మీద అడుగు దూరంలో ఉండి కూడా ఒకదానికొకటి కనపడవు.

బాగుచేయడానికి రెండు దారులున్నాయి. డీవీఆర్‌కి మానిటర్, మౌస్ తగిలించి నెట్‌వర్క్ మెనూలో అడ్రస్‌ని కొత్త రేంజ్‌లోకి మార్చడం ఒకటి. కొత్త రౌటర్ ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగ్‌లోకి వెళ్లి దాని అడ్రస్‌నే 192.168.1.1 చేసేయడం రెండోది. చేత్తో అడ్రస్‌లు పెట్టిన పరికరాలు డీవీఆర్‌తో పాటు ప్రింటర్, బయోమెట్రిక్, ఇంటర్‌కామ్ ఇలా నాలుగైదు ఉంటే రెండోదే నయం, ఒక్క మార్పుతో అన్నీ మళ్లీ పలుకుతాయి. డీవీఆర్ ఒక్కటే అయితే మొదటిదే సుఖం.

## అడ్రస్‌లు పంచే పని: డీహెచ్‌సీపీ

ఫోన్ వైఫైకి కలవగానే అడ్రస్ ఇచ్చేది రౌటర్‌లోని డీహెచ్‌సీపీ సర్వర్. ఫోన్ ఎవరైనా అడ్రస్ ఇస్తారా అని అందరికీ వినపడేలా అడుగుతుంది, సర్వర్ ఒకటి ఇస్తానంటుంది, ఫోన్ అదే కావాలంటుంది, సర్వర్ ఖాయం చేస్తుంది. అడ్రస్‌తో పాటు మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ చెప్పే సర్వర్) కూడా ఈ మాటల్లోనే వచ్చేస్తాయి. ఇచ్చినది శాశ్వతం కాదు, లీజ్ టైమ్ ఉంటుంది, సగం టైమ్ అయ్యాక ఫోన్ మళ్లీ పొడిగించుకుంటుంది.

మామూలు ఇంటికి దీన్ని ముట్టుకోవాల్సిన పనే ఉండదు, పీజీ హాస్టల్‌కి మాత్రం ఉంటుంది. అమీర్‌పేట, మాదాపూర్ వైపు పీజీల్లో ఒక్కొక్కరికి ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ ఉంటాయి, వచ్చిపోయే ఫ్రెండ్స్ వేరే. టీపీ-లింక్ మోడళ్లు చాలావాటిలో పూల్ (పంచడానికి పెట్టుకున్న అడ్రస్‌లు) 100 నుంచి 199 దాకానే ఉంటుంది, అంటే వంద అడ్రస్‌లే. లీజ్ టైమ్ 24 గంటలు పెట్టి ఉంటే పొద్దున ఖాళీ చేసి వెళ్లిపోయినవాడి అడ్రస్ కూడా మర్నాటిదాకా బ్లాక్ అయ్యే ఉంటుంది. దీనికి తోడు 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్‌లు అసలు మ్యాక్ అడ్రస్ (పైన చెప్పిన హార్డ్‌వేర్ అడ్రస్) బదులు ఒక్కో వైఫైకి ఒక్కో మారు మ్యాక్ చూపిస్తున్నాయి, కాబట్టి హాస్టల్‌లో అంతస్తుకో వైఫై పేరు పెట్టి వెనక ఒకే రౌటర్ ఉంచితే ఒకే ఫోన్ రెండు మూడు అడ్రస్‌లు పట్టుకుని కూర్చోగలదు. పూల్ అయిపోయాక వచ్చినవాడికి సిగ్నల్ ఫుల్‌గా ఉంటుంది, నెట్ రాదు, విండోస్ ల్యాప్‌టాప్ అయితే 169.254 తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తుంది. అది కనిపించిందంటే ఎవరూ అడ్రస్ ఇవ్వలేదు కాబట్టి తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. లీజ్‌ని ఒకటి రెండు గంటలకి తగ్గించడం, పూల్‌ని 2 నుంచి 254 దాకా పెంచడం, ఇంకా చాలకపోతే మాస్క్‌ని 255.255.254.0 చేసి 510 అడ్రస్‌లు తెచ్చుకోవడం, ఈ వరసలో చూసుకోవాలి.

ఇంకో తరచూ వచ్చే గొడవ, పూల్ లోపలి అడ్రస్‌నే ప్రింటర్‌కి చేత్తో పెట్టడం. సర్వర్‌కి ఆ సంగతి తెలీదు, ఎప్పుడో ఒకసారి అదే అడ్రస్ ఎవరి ఫోన్‌కో ఇచ్చేస్తుంది, అప్పటినుంచి ప్రింటర్ ఓ పూట పనిచేస్తుంది ఓ పూట చేయదు. చేత్తో పెట్టేవి పూల్ బయట ఉండాలి, లేదా రౌటర్‌లోనే అడ్రస్ రిజర్వేషన్ (ఈ పరికరానికి ఎప్పుడూ ఇదే నంబర్ అని రాసిపెట్టడం) పెట్టాలి. రిజర్వేషనే మేలు, ఎందుకంటే ఎవరికి ఏ నంబరో అంతా ఒకేచోట కనపడుతుంది, రేపు రౌటర్ మారినా ఆ లిస్ట్ ఒక్కటి చూసి మళ్లీ కొట్టుకుంటే సరిపోతుంది.

## రెండు డబ్బాలు, ఒకటే పని

ఇప్పుడు అసలు చిక్కు. ఫైబర్ కంపెనీ ఇచ్చే డబ్బా ఒకప్పటి మోడెమ్ లాంటిది కాదు, అందులోనే ఫైబర్ కన్వర్టర్, రౌటర్, వైఫై, డీహెచ్‌సీపీ, ఫైర్‌వాల్ (అక్కర్లేని ట్రాఫిక్‌ని ఆపే కాపలా) అన్నీ ఉంటాయి, దాన్ని ఓఎన్‌టీ అంటారు. షాప్‌లో కొన్న రౌటర్ కూడా ఇవన్నీ చేస్తుంది. ఒకదానికొకటి తగిలించగానే రెండూ నేనే పెద్ద అనుకుంటాయి. తర్వాత ఏమవుతుందన్నది వైరు ఏ పోర్ట్‌లో గుచ్చారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

రెండో రౌటర్ ల్యాన్ పోర్ట్‌లో గుచ్చితే ఒకే నెట్‌వర్క్ మీద ఇద్దరు డీహెచ్‌సీపీ సర్వర్లు అవుతారు. ఫోన్ అడిగినప్పుడు ఎవరి జవాబు ముందొస్తే మామూలుగా అదే తీసుకుంటుంది. షాప్‌లో కొన్న రౌటర్ జవాబు ముందొస్తే అది గేట్‌వేగా తన అడ్రసే చెప్తుంది, దాని వ్యాన్ పోర్ట్ (బయటి ఇంటర్నెట్ వైపు పోర్ట్) ఖాళీ, ఆ ఫోన్‌కి నెట్ ఉండదు. పక్కనున్న ఫోన్‌కి ఫైబర్ డబ్బా ముందు జవాబిచ్చి ఉంటే దానికి నెట్ బ్రహ్మాండంగా వస్తుంది. వైఫై ఆపి మళ్లీ పెడితే తారుమారు కావచ్చు. పైగా రెండిటికీ 192.168.1.1 అనే ఉంటే గేట్‌వే ఎవరన్న ప్రశ్నకి రెండు జవాబులు వస్తాయి, ఇల్లు మొత్తం ఉండుండి ఆగిపోతుంటుంది. చాలామంది దీన్ని కంపెనీ లైన్ తప్పుగా అనుకునేది ఇలాంటప్పుడే.

వ్యాన్ పోర్ట్‌లో గుచ్చితే నెట్ వస్తుంది, అందుకే ఎక్కువ ఇళ్లలో ఇలాగే వదిలేస్తారు. కాకపోతే న్యాట్ రెండుసార్లు జరుగుతుంది, డబుల్ న్యాట్. ఫైబర్ డబ్బా 192.168.1.1, దాని దగ్గర రెండో రౌటర్ 192.168.1.5 అనే అడ్రస్ తీసుకుంటుంది, తన వెనక 192.168.0 తో ఇంకో నెట్‌వర్క్ నడుపుతుంది. చూడ్డానికి ఒకే ఇల్లు, నిజానికి రెండు నెట్‌వర్క్‌లు, మధ్యలో ఒకవైపే తెరుచుకునే తలుపు. రెండో రౌటర్ వెనకున్న ల్యాప్‌టాప్ మొదటి డబ్బా దగ్గరున్న ప్రింటర్ అడ్రస్ కొడితే అందుతుంది. మొదటి డబ్బా వైఫైలో ఉన్న ఫోన్‌కి మాత్రం రెండో రౌటర్ వెనకున్న టీవీ అందదు. అటువైపు అందేచోట కూడా లిస్ట్‌లో దానంతటది కనపడదు, ఎందుకంటే టీవీలు, ప్రింటర్లు నేనున్నానని చాటుకునేది మల్టీకాస్ట్ మెసేజ్‌లతో (ఒకేసారి చాలా పరికరాలకి పంపేవి), అవి మామూలుగా రౌటర్ దాటవు. కింద హాల్లో టీవీ ఒక వైఫై మీద, చేతిలో ఫోన్ ఇంకో వైఫై మీద ఉండి కాస్ట్ గుర్తు కనపడని ఇళ్లన్నిటిదీ ఇదే కథ.

రెండువైపులా ఒకే రేంజ్ ఉంటే, అంటే రెండో రౌటర్ వ్యాన్ వైపు 192.168.1, ల్యాన్ వైపు కూడా 192.168.1 అయితే, ప్యాకెట్ ఎటు పంపాలో దానికే తెలీదు. కొన్ని రౌటర్లు ఇది గమనించి తమ ల్యాన్ అడ్రస్‌ని వాటంతటవే మార్చుకుంటాయి, నిన్నటిదాకా తెరుచుకున్న సెట్టింగ్స్ పేజీ ఇవాళ తెరుచుకోకపోవడానికి ఒక కారణం అది.

ఇంటికి చాలావరకు సరిపోయే పరిష్కారం రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం. ఆ ఆప్షన్ లేని పాత రౌటర్ అయినా పర్లేదు: దాని డీహెచ్‌సీపీ ఆపేసి, ల్యాన్ అడ్రస్‌ని పూల్ బయట 192.168.1.2 లాంటిది పెట్టి, వైరుని వ్యాన్‌లో కాకుండా ల్యాన్ పోర్ట్‌లో గుచ్చితే అది వట్టి వైఫై డబ్బా అయిపోతుంది, అడ్రస్‌లన్నీ మొదటి డబ్బానే ఇస్తుంది, ఇల్లంతా ఒకే నెట్‌వర్క్.

కొన్న రౌటర్ మంచిది, ఫైబర్ డబ్బాది అంతంతమాత్రం అయితే తిరగేయాలి, ఫైబర్ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించాలి. అప్పుడది కాంతిని ఈథర్‌నెట్‌గా మార్చడం తప్ప ఇంకేం చేయదు, పీపీపీఓఈ (కంపెనీ నెట్‌వర్క్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సొంత రౌటర్‌లో కొట్టుకోవాలి, కొన్ని కంపెనీలకి వీల్యాన్ (ఒకే వైరు మీద నెట్‌వర్క్‌లని వేరుచేసే పద్ధతి) నంబర్ కూడా కావాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ల్యాండ్‌లైన్ ఫోన్ అదే డబ్బాలోంచి వస్తుంటే ఆగిపోకుండా ముందే కనుక్కోవాలి. రెండోది, పీపీపీఓఈ ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు తింటుంది కాబట్టి ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) 1500 కాదు 1492 ఉండాలి, తప్పుగా ఉంటే కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో నిలబడిపోతాయి.

## స్టాటిక్ రూట్ కావాల్సింది ఎప్పుడు

రౌటర్ మెనూలో స్టాటిక్ రూటింగ్ అని ఒక పేజీ ఉంటుంది, చాలామంది దాన్ని చూసి భయపడి మూసేస్తారు. ఇంటికి మామూలుగా అక్కర్లేదు కూడా. పైన ఇల్లు, కింద షాపో క్లినిక్కో ఉండి రెండిటినీ వేరుగా ఉంచాలి, కానీ ఒకదాన్నుంచి ఒకటి అందాలి అనుకున్నప్పుడు అది అవసరం.

రౌటర్ ప్రతి ప్యాకెట్‌కీ తన రూటింగ్ టేబుల్ చూస్తుంది, అడ్రస్‌తో ఎక్కువ అంకెలు సరిపోయే ఎంట్రీ ఏదైతే దాన్నే పాటిస్తుంది. ఏదీ సరిపోకపోతే చివర్లో డీఫాల్ట్ రూట్, అంటే 0.0.0.0, ఉండనే ఉంది, అది కంపెనీ వైపు చూపిస్తుంది. ఇప్పుడు పైన ఇంట్లో మొదటి రౌటర్ 192.168.1.1, కింద షాప్‌లో రెండోదానికి వ్యాన్ వైపు కదలకుండా 192.168.1.2 పెట్టి, ల్యాన్ వైపు 192.168.2.1 పెట్టి, న్యాట్ ఆపేశాం అనుకుందాం. షాప్ కంప్యూటర్ 192.168.2.10 నుంచి పైన ప్రింటర్‌కి ప్యాకెట్ వెళ్తుంది, ప్రింటర్ దాకా చేరుతుంది కూడా. జవాబే చిక్కు. ప్రింటర్ లెక్కలో 192.168.2.10 బయటి అడ్రస్, మొదటి రౌటర్‌కి ఇస్తుంది, మొదటి రౌటర్ టేబుల్‌లో 192.168.2 లేదు, డీఫాల్ట్ రూట్ మీద కంపెనీకి తోసేస్తుంది, అంతటితో సరి. దీనికి మొదటి రౌటర్‌లో ఒక్క లైన్ చాలు: డెస్టినేషన్ 192.168.2.0, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.2. చాలామంది ఈ లైన్‌ని రెండో రౌటర్‌లో పెట్టి పనిచేయట్లేదంటారు, అక్కడ దాని అవసరమే లేదు, ఆ నెట్‌వర్క్ దానికే తగిలించి ఉంది కదా. దారి చెప్పాల్సింది తెలియనివాడికి.

ఇంత చేసినా మూడు చోట్ల ఆగొచ్చు. రెండో రౌటర్ ఫైర్‌వాల్ వ్యాన్ వైపు నుంచి వచ్చేవాటిని మామూలుగా అడ్డుకుంటుంది, అనుమతి ఇవ్వాలి. కొన్ని కంపెనీ డబ్బాలు తమ సొంత ల్యాన్ రేంజ్‌కి మాత్రమే న్యాట్ చేస్తాయి, 192.168.2 నుంచి వచ్చినవాటిని ఇంటర్నెట్‌కి పంపవు. మూడోది కాస్త లోతైనది: పైనున్న ప్రింటర్ జవాబు మొదటి రౌటర్ మీదుగా తిరిగి వెళ్తుంది, కానీ షాప్ కంప్యూటర్ పంపిన మాట మాత్రం రెండో రౌటర్ నుంచి నేరుగా ప్రింటర్‌కి చేరిపోయింది, మొదటి రౌటర్ సంభాషణలో సగమే చూస్తుంది, దాని ఫైర్‌వాల్ కచ్చితమైనదైతే ఆ సగాన్ని అనుమానించి పడేస్తుంది. పింగ్ (అవతలి పరికరం పలుకుతుందా అని పంపే చిన్న పలకరింపు) వెళ్లి, పేజీ మాత్రం తెరుచుకోకపోతే అనుమానించాల్సింది దీన్నే. ఇంటి రౌటర్లు చాలావాటిలో న్యాట్ ఆపే ఆప్షనే ఉండదు, కాబట్టి నిజంగా వేరు నెట్‌వర్క్‌లు కావాలంటే వీల్యాన్‌లు చేయగల ఒకే రౌటర్ కొనడం ఈ తిప్పలకన్నా మేలు.

రెండు కనెక్షన్ల విషయానికొస్తే, డ్యూయల్ వ్యాన్ రౌటర్‌లో రెండు డీఫాల్ట్ రూట్‌లు ఉంటాయి, మెట్రిక్ (ఏ దారి ముందో చెప్పే నంబర్) తక్కువున్నదాని మీద ట్రాఫిక్ వెళ్తుంది, అది పోతే రెండోది అందుకోవాలి. పోయిందని రౌటర్‌కి తెలియడమే కష్టం. రోడ్డు మీద ఫైబర్ తెగినా ఇంట్లో ఓఎన్‌టీకి, రౌటర్‌కి మధ్య వైరు బాగానే ఉంటుంది, ఓఎన్‌టీ రౌటర్ మోడ్‌లో ఉంటే లైట్ వెలుగుతూనే ఉంటుంది, అడ్రస్ ఉంటుంది, రూట్ బతికే ఉంటుంది, ప్యాకెట్లు మాత్రం ఎక్కడికీ వెళ్లవు. బయటి అడ్రస్ ఏదైనా, ఉదాహరణకి 8.8.8.8 ని, కొద్దికొద్ది సెకన్లకి పింగ్ చేసి చూసుకునే ఆప్షన్ ఆన్ చేస్తేనే మార్పు దానంతటది జరుగుతుంది. రెండు కంపెనీల డబ్బాలూ 192.168.1.1 అయితే ఈ రౌటర్‌కి రెండు వ్యాన్‌లూ ఒకే నెట్‌వర్క్‌లా కనిపిస్తాయి, ముందు ఒకదాని రేంజ్ మార్చుకోవాలి.

## ఆఫీస్ వీపీఎన్‌తో ఢీ

గచ్చిబౌలి ఆఫీస్‌లో పనిచేసి వారంలో కొన్ని రోజులు ఇంటినుంచి లాగిన్ అయ్యేవాళ్లకి ఈ అడ్రస్‌ల ఎంపిక ఇంకోలా తగులుతుంది. ఆఫీస్ సర్వర్ 192.168.1.20 లో ఉండి, ఇంటి నెట్‌వర్క్ కూడా 192.168.1 అయితే, ల్యాప్‌టాప్ దాన్ని మనవాడే అనుకుని వీపీఎన్‌లోకి పంపకుండా ఇంట్లోనే కేకేస్తుంది. పెద్ద కంపెనీలు ఎక్కువగా 10 తో మొదలయ్యే రేంజ్ వాడతాయి, ఇంటికి 10.0.0 పెట్టుకుంటే ఆఫీస్‌లో మిగతా అన్నీ తెరుచుకుని సరిగ్గా 10.0.0 లో ఉన్న ఒకట్రెండు సర్వర్లే తెరుచుకోవు, కారణం పట్టుకోవడం ఐటీ టీమ్‌కి కూడా కష్టం. డెవలపర్లకి ఇంకో జాగ్రత్త, డాకర్ మామూలుగా 172.17 తీసుకుంటుంది. అందుకని ఇంటికి 192.168.73 లాగ, 192.168.146 లాగ ఎవరూ డీఫాల్ట్‌గా వాడని మూడో అంకె పెట్టుకోవడం ఎప్పటికైనా మంచిది.

## పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయని ఇళ్లు

బయటినుంచి ఒక పోర్ట్ నంబర్ మీద వచ్చేదాన్ని లోపల ఫలానా పరికరానికి ఇవ్వమని రౌటర్‌కి ముందే చెప్పిపెట్టడం పోర్ట్ ఫార్వర్డింగ్. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే కంపెనీ దగ్గర ఇంకో న్యాట్ ఉన్నట్టు. ఐపీవీ4 అడ్రస్‌ల ఉమ్మడి నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది, ఆసియాకి అడ్రస్‌లు పంచే ఏపీనిక్ ఆ ఏప్రిల్‌లోనే తన ఆఖరి బ్లాక్‌కి వచ్చేసింది, ఆ తర్వాత 2012లో ఇంటర్నెట్ కంపెనీలు తమ లోపల వాడుకోవడానికి ఈ 100.64 రేంజ్‌ని కేటాయించారు. ఒక పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్లు పంచుకుంటాయి. కాబట్టి ఇంటి రౌటర్‌లో పోర్ట్ 8000 ఎంత సరిగ్గా ఫార్వర్డ్ చేసినా ప్యాకెట్ అసలు ఇంటిదాకా రాదు, కంపెనీ న్యాట్ టేబుల్‌లోనే దానికి ఎంట్రీ లేదు. కొన్ని కంపెనీలు దీనికి 10 తో మొదలయ్యే అడ్రస్‌లే వాడతాయి, రౌటర్‌లో కనిపించే వ్యాన్ అడ్రస్, బయటి సైట్‌లో చూపించే పబ్లిక్ అడ్రస్ ఒకటేనా అని పోల్చి చూస్తే తేలిపోతుంది.

ఇప్పటి కెమెరా యాప్‌లు క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే పనిచేయడానికి కారణం, డీవీఆరే ముందుగా తన కంపెనీ సర్వర్‌కి కనెక్షన్ తెరిచి పట్టుకుని ఉంటుంది, లోపల్నుంచి తెరిచింది కాబట్టి ఎన్ని న్యాట్‌లు ఉన్నా దాటుతుంది. సొంతంగా బయటినుంచి రావాల్సిందే అంటే డబ్బులు కట్టి స్టాటిక్ పబ్లిక్ ఐపీ తీసుకోవాలి. తీసుకున్నాక డీవీఆర్ పోర్ట్‌ని నేరుగా తెరవకపోవడమే క్షేమం, 2016లో మిరాయ్ బాట్‌నెట్ (హ్యాక్ చేసిన పరికరాల దండు) పెద్ద పెద్ద సైట్లని పడగొట్టింది ఇలా తెరిచి, డీఫాల్ట్ పాస్‌వర్డ్‌తో వదిలేసిన కెమెరాలు, డీవీఆర్‌లతోనే.

ఐపీవీ4 తర్వాత వచ్చిన, ఎంతో ఎక్కువ అడ్రస్‌లున్న ఐపీవీ6లో ఈ న్యాట్ బాధ లేదు, ఇంట్లో ప్రతి పరికరానికీ సొంత పబ్లిక్ అడ్రస్ వస్తుంది, ఇండియాలో దీని వాడకం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది, 2016లో జియో వచ్చినప్పటినుంచి బాగా పెరిగింది. అయితే కంపెనీ ఇంటికి ఒక్క 64 బిట్ల ప్రిఫిక్స్ (అడ్రస్‌లో నెట్‌వర్క్‌ని చెప్పే మొదటి భాగం) మాత్రమే ఇస్తే అది ఒక్క నెట్‌వర్క్‌కే సరిపోతుంది, వ్యాన్ పోర్ట్‌లో గుచ్చిన రెండో రౌటర్ వెనక ఐపీవీ6 రాదు. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే అక్కడికీ వచ్చేస్తుంది. ఫైర్‌వాల్ మాత్రం ఆపకూడదు, న్యాట్ అడ్డం లేనప్పుడు బయటివాళ్లని ఆపేది అదొక్కటే.

## మార్చేటప్పుడు వరస

ల్యాన్ అడ్రస్ మార్చే ముందు ఇప్పుడున్న రిజర్వేషన్లు, పోర్ట్ ఫార్వర్డ్‌లు, పీపీపీఓఈ యూజర్‌నేమ్ ఫోటో తీసి పెట్టుకోవాలి. ఏదో తేడా కొట్టి వెనక రీసెట్ బటన్ నొక్కాల్సొస్తే ఇవన్నీ పోతాయి, యూజర్‌నేమ్ లేకపోతే కంపెనీవాళ్లు వచ్చేదాకా నెట్ ఉండదు. పని వైఫై మీద కాకుండా కేబుల్ మీద చేయడం మంచిది. కొత్త అడ్రస్ కొట్టి సేవ్ నొక్కగానే పేజీ అలా తిరుగుతూ ఉండిపోతుంది, చెడిపోలేదు, ల్యాప్‌టాప్ ఇంకా పాత అడ్రస్ మీదే ఉంది, కేబుల్ ఒకసారి తీసి పెట్టి కొత్త అడ్రస్ బ్రౌజర్‌లో కొడితే తెరుచుకుంటుంది. తర్వాత డీహెచ్‌సీపీ పూల్ కూడా కొత్త రేంజ్‌కి మారిందో లేదో చూడాలి, కొన్ని మోడళ్లు దాన్ని మార్చవు, అప్పుడు రౌటర్ ఒక నెట్‌వర్క్‌లో ఉండి ఇంకో నెట్‌వర్క్ అడ్రస్‌లు పంచుతుంది. పాత రిజర్వేషన్లు, ఫార్వర్డ్‌లు పాత నంబర్లనే చూపిస్తుంటాయి, ఒక్కోటీ సరిచేయాలి.

చివరగా ల్యాప్‌టాప్‌లో ట్రేస్‌రూట్ (ప్యాకెట్ ఏయే రౌటర్ల మీదుగా వెళ్తుందో చూపేది) కొట్టి చూస్తే ఇల్లు ఎలా ఉందో కనపడుతుంది, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌లో ట్రేసర్ట్ (tracert) కమాండ్, దాని పక్కన 8.8.8.8. మొదటి లైన్‌లో ఇంటి రౌటర్ రావాలి, రెండో లైన్ నుంచి కంపెనీ అడ్రస్‌లు, అంటే 10 తోనో 100 తోనో మొదలయ్యేవి లేదా పబ్లిక్‌వి రావాలి. రెండో లైన్‌లో కూడా 192.168 కనిపించిందంటే ఇంట్లో ఇంకో రౌటర్ న్యాట్ చేస్తూనే ఉంది, వ్యాన్ పోర్ట్‌లోని వైరు ఎటు వెళ్తుందో పట్టుకుని చూసుకోవాలి.